సెవిల్లా యాత్రికులు

స్పెయిన్ దేశపు దక్షిణభాగమున, గ్వాడల్‌క్వివిర్ నదీతీరమందున్న సెవిల్లా నగరము ఎండలకును నారింజచెట్లకును పేరుగన్నది. ఆ వీథులకు ఇరువైపుల బారులు తీర్చి పెంచిన నారింజ మిక్కిలి చేదుది. ఒలిచి నోట వేసికొనుటకు పనికిరాదు. కాని దాని తొక్కను సన్నముగా తఱిగి, పంచదారతో పాకము పట్టి, స్కాట్లండువారు మార్మలేడు చేసికొని ఉదయమున రొట్టెకు రాచుకొని తినుట తరతరాలనుండి వచ్చుచున్న అలవాటు. ఆ విధముగా ఆ ఎండల నగరమునకును ఆ వానల దేశమునకును వంటింటి పరిచయము ఎప్పటినుండియో కలదు. ఐనను 2003వ సంవత్సరము మే నెల 21వ తేదీ బుధవారమునాడు ఆ నారింజచెట్ల నీడలన్నియు స్కాట్లండు పలుకుబడితో నిండిపోయినవి. ఆకుపచ్చ, తెలుపు అడ్డుపట్టెల చొక్కాలు తొడిగి, మండుటెండలోను మెడనుండి ఉన్ని స్కార్ఫు తీయక, పాడుచు, చెమటలు తుడుచుకొనుచు, ఫౌంటెన్ల గట్లపై కూర్చుండి కాళ్లు నీటిలో వ్రేలవేసికొనుచు, సుమారు 80 వేలమంది ఆనాడు ఆ నగరము చేరిరని అంచనా. గ్లాస్గో నగరపు సెల్టిక్ జట్టు ఆ రాత్రి యూఫా కప్పు అంతిమ పోటీలో పోర్చుగల్ దేశపు పోర్టో జట్టుతో తలపడవలసి యుండెను.

ఆట చూడ స్టేడియములోనికి పోగలిగినవారు, ఉభయపక్షముల వారిని తటస్థులను కలుపుకొన్నను, యాబదివేలకు కొంచెము పైమాట. అందులో పోర్టో వారి పాలును ఆహూతుల పాలును తీసివేసి లెక్కించినచో, సెల్టిక్ రంగులు ధరించి వచ్చినవారిలో పెక్కుమందికి లోపల చోటు లేదనుట చిన్నపిల్లలకైనను తెలియును. వచ్చినవారికి ఇల్లు విడుచునప్పుడే తెలియును. తెలిసియు, గ్లాస్గోనుండి వాయుమార్గముననే రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరము, సెలవులు పెట్టి, అప్పులు చేసి, పోయిరి. ఏమి చూచుటకు పోయిరి? ఆట చూచుటయే ప్రయోజనమైనచో, ఇంటి కుర్చీలో కూర్చుండి టెలివిజన్‌లో చూచినవారికి ఆటగాని బూటుపై అంటిన గడ్డిపోచ సయితము కనబడును గదా! ఈ ప్రశ్నకు మన తెలుగువారికి సమాధానము వెదకనక్కఱలేదు. ఉత్సవముల రద్దీలో దర్శనము దొరకక, కొండమీద గోపురమునకే చేతులు జోడించి, ఆ తృప్తితోనే దిగివచ్చిన తాతలను ముత్తవలను ఎఱిగినవారము. ఆ రాత్రి తాను అక్కడ ఉండవలెను. తన జట్టు పరాయి నేలపై నిలిచినప్పుడు ఆ నేలపైననే తన పాదములును ఉండవలెను. అంతే.

సెల్టిక్ జట్టు అంతిమ పోటీ చేరినది ఏప్రిల్ 24వ తేదీ రాత్రి. పోర్టో నగరమునందే మఱియొక జట్టయిన బోవావిష్టాపై హెన్రిక్ లార్సన్ 78వ నిమిషమున వేసిన ఒక్క గోల్ వారిని గట్టెక్కించినది. ఆ రాత్రినుండి అంతిమ పోటీ దినమునకు సరిగా 27 దినములు మాత్రమే గడువు. ఇంత తక్కువ వ్యవధిలో అంతమంది ఒక నగరమునుండి వేఱొక దేశపు నగరమునకు తరలుట సామాన్యమైన పని కాదు. సెవిల్లాకు పోవు విమానములలో చోటు అయిపోగా, మాలగా, మాడ్రిడ్ నగరములకును, పోర్చుగల్‌లోని ఫారో, లిస్బన్ నగరములకును టికెట్లు కొని, అక్కడనుండి బస్సులలోను అద్దెకార్లలోను సరిహద్దులు దాటి వచ్చినవారు కలరు. వ్యాన్లలో ఇంగ్లండును, ఇంగ్లీషు ఛానెల్ సముద్రమును, ఫ్రాన్సును దాటి, చక్రము వంతులవారీగా త్రిప్పుచు వచ్చినవారు కలరు. హోటళ్లలో గదులు నిండిపోగా ఉద్యానములలో చెట్లక్రింద పండుకొన్నవారు కలరు. పెళ్లి కుదిరిన ఇంట ముహూర్తము దగ్గరపడినకొలది ఎవరి కేమి పని పడునో చెప్పనలవిగానట్లే, ఆ 27 దినములును గ్లాస్గో నగరము ఉండినదని ఊహింపవచ్చును.

ఈ యాత్రాభిలాష నిన్న మొన్న పుట్టినది కాదు. సెల్టిక్ క్లబ్బు 1887వ సంవత్సరము నవంబరులో, గ్లాస్గో తూర్పుభాగమందలి కాల్టన్ పేటలో, ఒక చర్చి సావడిలో స్థాపితమైనది. ఐర్లండునుండి పొట్ట చేతపట్టుకొని వలసవచ్చిన కూలిజనుల బిడ్డలకు ఒకపూట అన్నము పెట్టుటకు ధనము కూర్పదలచి, బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అను సన్న్యాసి ఆ జట్టును నిలిపెను. 1888 మే నెలలో తొలి మ్యాచ్ ఆడిరి. మఱుసటి సంవత్సరమునకే ఆ పేటలవారు ‘బ్రేక్ క్లబ్బులు’ అను సంఘములు కట్టుకొనిరి. బ్రేక్ అనగా గుఱ్ఱములు లాగు పొడుగాటి బండి. ఇరువదిమందికి పైగా ఎదురుబొదురు బల్లలపై కూర్చుండవచ్చును. జట్టు ఊరి కావలికి ఆడబోయినప్పుడు, తలా ఇంత చందా వేసికొని బండి కుదుర్చుకొని, ముందుభాగమున ఇష్టుడైన ఆటగాని రూపము చిత్రించిన పట్టుపతాక మెత్తి, పాటలతో వీథులవెంట పోయెడివారు. మొదటి బ్రేక్ క్లబ్బు మద్యనిషేధమును పాటించు పారిష్ సంఘమువారు పెట్టుకొన్నది కావుట గమనింపదగినది. అభిమాని యనగానే త్రాగుబోతు అని తలచువారు ఈ సంగతి ఎఱుగవలెను. గుఱ్ఱపుబండి పోయి బస్సు వచ్చినది, బస్సు తరువాత విమానము వచ్చినది. తలా ఇంత చందా మాత్రము మాఱలేదు.

చందా మాట వచ్చినది గనుక స్కాట్లండు దేశస్థుల మఱియొక ఆచారమును చెప్పక దాటలేను. లండన్ నగరపు వెంబ్లీ స్టేడియములో ఇంగ్లండుతో స్కాట్లండు జాతీయజట్టు రెండేండ్ల కొకమాఱు ఆడెడిది. ఓడలు కట్టు రేవులలోను, ఉక్కు కర్మాగారములలోను, బొగ్గుగనులలోను పనిచేయువారు దానికొఱకు ‘వెంబ్లీ క్లబ్బు’లు పెట్టుకొని, వారము కూలి చేతికి రాగానే కొన్ని నాణెములు ఒకనియొద్ద జమచేసి, రెండేండ్లపాటు కూడబెట్టిన ఆ సొమ్ముతో రైలెక్కి లండన్ పోయెడివారు. మన యిండ్లలో ఏడుకొండలవాని పేర పసుపుగుడ్డలో ముడుపు కట్టి, మధ్యలో ఎంత కరువు వచ్చినను ఆ ముడి విప్పకుండుటను చూచినవారికి ఆ కూలివాని మనస్సు అర్థమగును. 1928 మార్చి 31వ తేదీన స్కాట్లండు ఇంగ్లండును వెంబ్లీలో 5-1 తో ఓడించినప్పుడు, ఆ ముడుపు సొమ్ముతో వచ్చిన వేలాది జనులు వానలో తడియుచు నిలిచి చూచిరి. వారు చెల్లించిన మూల్యము టికెట్టుపై అచ్చువేసిన ధర కాదు. నూఱు వారముల ఓర్పు.

సెవిల్లాకు పోయినవారి వెనుక వేఱొక యాత్ర నీడ కూడ కలదు. 1967 మే 25వ తేదీన సెల్టిక్ జట్టు పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఇంటర్ మిలాన్ జట్టును 2-1 తో గెలిచి, యూరోపియన్ కప్పు పొందిన మొదటి బ్రిటిష్ జట్టు అయినది. ఇంటర్ అంతకు ముందు 1964, 1965 సంవత్సరములలో వరుసగా ఆ కప్పు గెలిచిన జట్టు. సెల్టిక్‌లోని పదునొకండుగురో, తమ మైదానమునకు 30 మైళ్ల లోపల పుట్టిన పిల్లలు. ఏడవ నిమిషముననే పెనాల్టీతో మజోలా ఇంటర్‌కు ఆధిక్యమిచ్చెను. 63వ నిమిషమున గెమ్మెల్, 84వ నిమిషమున చామర్స్ గోళ్లు వేసి దానిని త్రిప్పివేసిరి. విమానప్రయాణము సామాన్యులకు అందని ఆ దినములలో, గ్లాస్గో చెంతనే లిన్‌వుడ్‌లో తయారగు హిల్‌మన్ ఇంప్ వంటి చిన్నకార్లలో ఇరుకుకొని, నాలుగు దేశముల బాటలు కొలిచి వచ్చినవారు వేలకొలదిగా ఉండిరి. ఆట ముగియగానే వారు మైదానములోనికి దుమికిరి. కొందఱు గడ్డిని మట్టితోసహ పెళ్లగించి జ్ఞాపకముగా తీసికొనిపోయిరని చెప్పుకొందురు. నాయకుడు బిల్లీ మెక్‌నీల్ ఆ జనసముద్రమును చీల్చుకొని, దూరముననున్న పాలఱాతి వేదికకు చేరుటకే ఎంతో శ్రమపడెను. 2003లో సెవిల్లా వీథులలో నడచిన యువకులకు ఆ కథ చెప్పినవారు వారి తండ్రులును తాతలును. తాను పుట్టకమునుపు జరిగిన ప్రయాణమును తానును ఒకసారి చేయవలెనను కోరిక ఎంత బలమైనదో, పెద్దల నోట కాశీయాత్రాకథలు విని పెరిగినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక ప్రతిదినమును జరుగు పరస్థలప్రయాణము మాట. అంతిమ పోటీ జీవితమున ఒకటి రెండుమాఱులే వచ్చును. సామాన్యముగా అభిమాని పోవునది ఎదుటి జట్టు ఇంటికే. అచ్చటి ఏర్పాటు విచిత్రమైనది. స్టేడియములో కనీసము ఐదు శాతము చోటు అతిథిజట్టు అభిమానులకు ఇయ్యవలెనని యూరోపియన్ ఫుట్‌బాల్ సంఘపు నియమము. ఆ చోటు తఱచుగా ఒక మూల, పైఅంతస్తున, మైదానమునకు దూరముగా ఉండును. ఇరుప్రక్కల ఖాళీగా విడిచిన ఆసనముల వరుసలు, వానిని ఆనుకొని పోలీసులు, కొన్నిచోట్ల వలలు, గాజుపలకలు. ఆ కొలది టికెట్లకు ఎగబడువారు అనేకులు కావున, ఇంతకుముందు ఎన్ని పరస్థల మ్యాచ్‌లకు పోయియున్నాడో లెక్కచూచి ఆ వరుసలో ఇచ్చు పద్ధతి పలు క్లబ్బులలో కలదు. వానలో మంచులో చిన్నజట్లపై ఆటకు పోయినవానికే, పెద్ద రాత్రి టికెట్టు. ఇది న్యాయమైన పద్ధతి అని నా తలంపు. ధర విషయమున కూడ కొంత రక్షణ వచ్చినది. ఇంగ్లండు ప్రీమియర్ లీగులో 2016-17నుండి అతిథుల టికెట్టు 30 పౌండ్లు మించరాదు. యూరప్‌లోని ఛాంపియన్స్ లీగులో 2024-25వ సంవత్సరమునకు 60 యూరోలు మించరాదని నిర్ణయించిరి. కాని టికెట్టు ఖర్చులో చిన్నపాలే. ప్రయాణము, బస, పోయిన కూలి కలిపిన అసలు లెక్క ఇంటికి వచ్చినపిమ్మట తేలును.

ఆ మూలనున్న గ్యాలరీలో ఆట చూచుట సుఖమైన పని కాదు. కంటి కెదురుగా వల; నిలుచున్నది ఆసనముల మధ్య, ఏలయన ఎవరును కూర్చుండరు; ముందువాని తలపై ఎగిరిన జెండా ఎప్పుడు దిగునో, ఆ దిగు క్షణములోనే ఏ గోల్ తప్పిపోవునో తెలియదు. దూరపు గోల్‌వైపు బంతి పోయినచో ఎవరు తాకిరో కనబడదు; తమవారి గోల్ అయినదని తెలియునది వలలో బంతిని చూచి కాదు, తక్కిన స్టేడియమంతయు ఒక్కమాఱుగా నిశ్శబ్దమైనందువలన. ఆ నిశ్శబ్దములోనుండి తమ మూలనుండి మాత్రమే లేచు కేకను తాము విన్నవారు, ఆ క్షణముకొఱకే మరల మరల పోవుదురు. అపరిచితుడు ప్రక్కవాని మెడ కౌగిలించుకొనును, మెట్లపైనుండి మనుష్యులు రెండు వరుసలు క్రిందికి దొర్లుదురు, కండ్లద్దములు పగులును. ఆట ముగిసిన తరువాత ఊరివారందఱును వెడలిపోవువఱకు అతిథులను లోపలనే నిలిపియుంచుట తఱచు. అరగంట, ఒక్కొక్కప్పుడు గంట. ఖాళీ అయిన స్టేడియములో దీపములు ఒకటొకటిగా ఆరుచుండగా, ఊడ్చువారు పనిలో పడగా, ఒక మూల మాత్రము పాట సాగుచుండును.

ఆ పాట మైదానములోని పదునొకండుగురికి ఏమి చేయును? గెలిపించునని చెప్పజాలను, కాని ప్రేక్షకుల గొంతుకు బలము లేదనియు చెప్పజాలను. 2020లో మహమ్మారికారణముగా జర్మనీ లీగును ఖాళీ స్టేడియములలో ఆడించినప్పుడు, సొంత మైదానమందు ఆడిన జట్ల గెలుపులు స్పష్టముగా తగ్గిపోయినవి. 2005 మే 25వ తేదీన ఇస్తాంబూల్ నగరములో లివర్‌పూల్ జట్టు సగము ఆట ముగియునప్పటికి ఎ.సి. మిలాన్ చేతిలో 0-3 తో వెనుకబడి యుండగా, విరామసమయమున వారి అభిమానులు తలలు వంచుకొని కూర్చుండక, తమ క్లబ్బు గీతము నెత్తుకొని గొంతు చించుకొని పాడిరి. దుస్తుల గదిలోని ఆటగాండ్ర చెవులకు అది సోకినది. రెండవ సగములో ఆఱు నిమిషములలో మూడు గోళ్లు వేసి, చివరకు పెనాల్టీలలో కప్పు గెలిచిరి. ఆ పాటవలననే గెలిచిరని శాస్త్రము ఒప్పుకొనకపోవచ్చును; పాడినవారిని మాత్రము వేఱొక కారణము చూపి ఒప్పించుట ఎవరివలనను కాదు.

తనవారి గొంతు ఒక్కటియు లేనిచోట ఆడుట ఎట్లుండునో చెప్పుటకు మన హైదరాబాదు కథ ఒకటి కలదు. 1962వ సంవత్సరము జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలకు భారత ఫుట్‌బాల్ జట్టును తీసికొనిపోయిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో ఉపాధ్యాయుడుగా పనిచేసి, ఆటగాండ్రను బిడ్డలవలె తీర్చిదిద్దినవాడు. అప్పటికే క్యాన్సరు వ్యాధి ఆయన శరీరమును లోపలినుండి తినివేయుచుండెను. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడ బిడ్డడు తులసీదాస్ బలరాం, గోల్ కాచు పీటర్ తంగరాజ్ మొదలగు మన ప్రాంతపు ఆటగాండ్రు ఆ జట్టులో ఉండిరి. ఇజ్రాయెల్, తైవాన్ దేశములను ఇండోనేషియా ఆ క్రీడలకు రానియ్యకపోగా, భారతీయుడైన క్రీడాధికారి సోంధీ అది న్యాయము కాదని పలికెను. దానిపై జకార్తాలో ఆగ్రహము రేగి భారత దౌత్యకార్యాలయముపై దాడి జరిగినది. సెప్టెంబరు 4వ తేదీన దక్షిణకొరియాతో అంతిమ పోటీకి మన జట్టు దిగునప్పటికి, లక్షమంది పట్టు ఆ సేనాయన్ స్టేడియమంతయు వారిపై కేకలు వేయుచుండెను. ఆటగాండ్రు పోవుదారిలో బస్సులో తలలు వంచి దాగి కూర్చుండిరని తరువాత చెప్పుకొనిరి. ఆ లక్ష గొంతుల మధ్య భారతము పక్షమున అఱచినవారు ఎవరనగా, హాకీ అంతిమ పోటీలో మనలను ఓడించిన పాకిస్తాన్ హాకీ ఆటగాండ్రు! పి.కె. బెనర్జీ, తలకు కుట్లు పడియున్న జర్నైల్ సింగ్ చెఱియొక గోల్ వేయగా, 2-1 తో బంగారుపతకము మనదైనది. రహీం మఱుసటి సంవత్సరము జూన్ నెలలో కన్నుమూసెను. స్టేడియములో ఎందఱున్నారన్నది కాక, మనవైపు ఎవరైన ఉన్నారా అన్నదే ఆటగానికి ముఖ్యమని ఆ రాత్రి తెలిపినది.

అఱువది యేండ్లు గడచిన తరువాత, 2024 జనవరిలో ఖతర్ దేశమున జరిగిన ఆసియా కప్పునకు భారతజట్టు పోయినప్పుడు, గ్యాలరీలు మనవారితో నిండిపోయినవి. ఐనను ఆ అభిమానులు అందుకొఱకు విమాన మెక్కినవారు కారు; కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు వంటి జిల్లాలనుండియు, కేరళనుండియు, దేశపు నలుమూలలనుండియు కూలికిని కొలువునకును పోయిన భారతీయులు లక్షలసంఖ్యలో నివసించు దేశమది. మూడు మ్యాచ్‌లలోను మనవారు ఓడిరి. ఒక్క గోల్ కూడ వేయలేదు. అచ్చట ప్రయాణము చేసినది జట్టు. ఏండ్లతరబడి ఇంటిమొగము చూడనివారి యొద్దకు ఇంటిరంగు చొక్కా తొడుగుకొని పదునొకండుగురు చుట్టపుచూపుగా వచ్చిరి. ఓడిన జట్టుకును ఆ చప్పట్లెందుకని అడుగువాడు పరదేశమున ఒక సంవత్సరమైనను గడపియుండడు.

పరస్థలమునకు పోవువాడు అతిథి. అతిథికి మర్యాద చేయుట ఇంటివాని ధర్మమైనట్లే, ఆ యింటిని గౌరవించుట అతిథి ధర్మము. ఈ ధర్మము తప్పినచోట ఫుట్‌బాల్ చరిత్రలో రక్తము చిందినది. 1985 మే 29వ తేదీన బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియములో లివర్‌పూల్, యువెంటస్ జట్ల యూరోపియన్ కప్పు అంతిమ పోటీకి ముందు, లివర్‌పూల్ పక్షమున నిలిచిన గుంపు ప్రక్కనున్న భాగముపైకి ఉరికినది. తప్పించుకొనబోయినవారు గోడకు అదుముకొనిపోయిరి, ఆ శిథిలమైన గోడ కూలినది, 39మంది మరణించిరి. వారిలో అత్యధికులు ఇటలీవారు. తమ జట్టు ఆట చూచుటకు ఇల్లు కదలివచ్చిన తండ్రులు, కొడుకులు. ఇంగ్లండు క్లబ్బులు ఐదేండ్లపాటు యూరప్ పోటీలనుండి బహిష్కృతములైనవి. ఆ స్టేడియము పాతబడినదనియు, ఇరుపక్షములవారిని వేఱుచేసిన కంచె బలహీనమనియు, కావలి చాలలేదనియు చెప్పినవన్నియు నిజమే. కాని ఆ కారణములేవియు దూకినవారి దోషమును తగ్గింపజాలవు.

గ్లాస్గోలోనే సెల్టిక్‌కు చిరప్రత్యర్థియైన రేంజర్స్ జట్టు 1972లో బార్సిలోనాలో మాస్కో డైనమోను 3-2 తో గెలిచి కప్ విన్నర్స్ కప్పు సాధించినది. అభిమానులు ఆనందము పట్టలేక మైదానములోనికి దుమికి స్పెయిన్ పోలీసులతో కలియబడగా, నాయకుడు జాన్ గ్రెగ్ ఆ కప్పును వేలాది కన్నుల ఎదుట కాక, లోపల ఒక చిన్నగదిలో అందుకొనవలసి వచ్చినది. జట్టు మఱుసటి యేడు యూరప్ పోటీలకు దూరమైనది. 2008లో మాంచెస్టర్ నగరమున, టికెట్లు లేనివారు యూఫా కప్పు అంతిమ పోటీ చూచుటకు నిలిపిన పెద్ద తెర చెడిపోగా, అదే జట్టు అభిమానులు కొందఱు వీథులలో పోలీసులతో పోరాడిరి. జట్టును ప్రేమించి వచ్చినవారే జట్టు చేతినుండి పండుగను లాగివేసికొనుటకన్న విషాదము వేఱొకటి లేదు. ఐనను వేలాదిమందిలో కొందఱు చేసిన అపరాధమును చూపి, ప్రతి ప్రయాణికుని దొంగవలె చూచి, గేట్లవద్ద గంటలకొలది నిలిపి, లాఠీలతో తోలుటను నేనొప్పుకొనను. అతిథిని శత్రువుగా ఎంచిన ఇంటిలో అతిథిమర్యాద ఎట్లు పుట్టును?

అతిథులే ఇంటిని నింపివేసిన రాత్రి కూడ ఒకటి కలదు. 2022 ఏప్రిల్ 14వ తేదీన యూరోపా లీగులో జర్మనీకి చెందిన ఫ్రాంక్‌ఫర్ట్ జట్టు బార్సిలోనాలో ఆడబోయినది. దాదాపు లక్ష ఆసనముల క్యాంప్ నూ స్టేడియములో వారికిచ్చినవి ఐదు శాతము లెక్కన ఐదువేల టికెట్లు. కాని ఊరివారు అమ్ముకొన్న టికెట్లను బజారులో కొని, సామాన్యుల వరుసలలో, సుమారు 30 వేలమంది ఫ్రాంక్‌ఫర్ట్‌వారు తెల్లచొక్కాలు తొడిగి లోపల కూర్చుండిరి. ఆటగాండ్రు మైదానములోనికి రాగా, సొంత యింట ఈలలు విన్నది బార్సిలోనా. ఫ్రాంక్‌ఫర్ట్ 3-2 తో గెలిచినది. ఆ పరాభవమునకు సిగ్గుపడుచున్నానని బార్సిలోనా అధ్యక్షుడు లపోర్టా పలికెను. సొంతవారే తమ చోటును పరులకు అమ్ముకొన్నారన్నది ఆయన బాధ. ఆ నగరమునకు పర్యాటకులు రాకపోకలు సాగించు కాలములో స్టేడియము సయితము విడిదిగా మాఱిపోవుట నాకును కష్టముగా తోచును. కాని ఆ 30 వేలమంది సాహసమును తలచినప్పుడు మనస్సు పొంగకమానదు.

ఆ ఫ్రాంక్‌ఫర్టే అంతిమ పోటీ చేరినది, ఎదుట రేంజర్స్, పోటీ జరుగు నగరము, మరల సెవిల్లా! పందొమ్మిదేండ్ల క్రితము ఆకుపచ్చ చొక్కాలతో నిండిన ఆ వీథులు మే 18వ తేదీన నీలిచొక్కాలతో నిండినవి. సెమీఫైనల్ గెలిచిన దినమునుండి ఈమాఱు గడువు 13 దినములే. రామోన్ సాంచెస్ పిజ్హువాన్ స్టేడియములో పట్టు 44 వేలకు లోపు. ఒక్కొక్క జట్టుకు దక్కిన టికెట్లు పదివేలకు మించలేదు. కాని గ్లాస్గోనుండి వచ్చినవారు లక్షకు చేరువని నగరపాలకుల అంచనా. ఎండలు నలుబది డిగ్రీలకు దగ్గరలో కాయుచుండగా, స్టేడియములో త్రాగునీటికి కఱవు వచ్చి జనులు అలమటించిరి. నిర్వాహకులు తరువాత క్షమాపణ చెప్పిరి. రేంజర్స్ ముందు గోల్ వేసినది, ఫ్రాంక్‌ఫర్ట్ సమము చేసినది, పెనాల్టీలలో 5-4 తో కప్పు జర్మనీకి పోయినది. శతాబ్దమునకు పైబడి ఒకరి మొగమొకరు చూడనొల్లని గ్లాస్గో రెండు పక్షములును సెవిల్లా నేలపై ఒకే విధముగా కన్నీరు పెట్టుకొనిన సంగతిని, వారు ఒప్పుకొన్నను ఒప్పుకొనకున్నను, ఆ నారింజచెట్లు చూచినవి.

మరల 2003 మే 21వ తేదీ రాత్రికి వత్తును. విరామమునకు కొంచెము ముందు పోర్టోకు చెందిన డెర్లే గోల్ వేసెను. విరామమైన రెండు నిమిషములకే లార్సన్ తలతో సమము చేసెను. అలెనిచెవ్ మరల పోర్టోను ముందునకు త్రోయగా, మూడు నిమిషములలో లార్సన్ మరల తలతోనే బదులిచ్చెను. అదనపు సమయమున సెల్టిక్‌వాడొకడు మైదానమునుండి పంపివేయబడెను. పదిమందితో ఊపిరి బిగబట్టి ఆడుచుండగా, 115వ నిమిషమున డెర్లే మూడవ గోల్ వేసెను. 2-3. కప్పు పోర్టోకును, వారి యువశిక్షకుడు మొరీన్యోకును దక్కినది. లోపల ఉన్నవారును, వీథులలో పెద్ద తెరలయెదుట నిలిచినవారును, నదిగట్టున రేడియో చెవినబెట్టుకొన్నవారును ఆ నిమిషమునుండి ఓడినవారే. ఐనను ఆ రాత్రి సెవిల్లాలో కొట్లాటలు జరుగలేదు. అంత జనము, అంత ఎండ, అంత నిరాశ కలిసినను శాంతముగా మెలగినందులకు, ఆ సంవత్సరము ఫిఫా సంస్థ తన సత్ప్రవర్తన బహుమానమును ఏ ఆటగానికో ఏ జట్టుకో కాక సెల్టిక్ అభిమానులకు ఇచ్చినది.

వచ్చిన దారినే తిరిగి పోవలెను. ఫారో విమానాశ్రయపు నేలపై సంచి తలక్రింద పెట్టుకొని పండుకొన్నవారు, వ్యానులో చక్రము మరల వంతులవారీగా పట్టినవారు, పనికి ఒకదినము ఆలస్యమైనవారు, అందఱును గురు శుక్రవారములలో ఇండ్లు చేరుకొనుచుండిరి. ఆదివారము, మే 25వ తేదీన, స్కాట్లండు లీగు చివరిదినము. సెల్టిక్‌కును రేంజర్స్‌కును పాయింట్లు సమానముగా ఉండెను. ఎవరు ఎక్కువ గోళ్ల తేడాతో గెలుతురో వారిదే బిరుదము. సెల్టిక్ 4-0 తో గెలిచినది. రేంజర్స్ 6-1 తో గెలిచినది. చివరి లెక్కలో ఒక్క గోల్ తక్కువై సెల్టిక్ ఆ బిరుదమును కూడ పోగొట్టుకొనెను. ఆ మ్యాచ్ సొంత యింట ఆడినది కాదు, కిల్‌మార్నక్‌లో ఆడినది, నాలుగు దినముల క్రితము సెవిల్లాలో ఓడినవారు అచ్చటికిని పోయిరి.